పనస తలుపుకి కన్నం వేసిన వైనం

దొంగలు గోడకి కన్నం వేస్తారని పెద్దలు చెబితే విన్నాను. నేను తలుపుకి వేశాను. అదీ పట్టపగలు, పసుపు కుంకాలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కంప్యూటర్ సాయంతో. ఆ తలుపు ఇప్పటికీ భోగాపురం దగ్గర ఒక కొత్త కాలనీలో, మూడో వీధిలో, తూర్పు ముఖంగా నిలబడి ఉంది. కన్నంలో బొటనవేలు సులువుగా పడుతుంది. పెట్టి చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఇది మిమ్మల్ని నవ్వించడానికే రాస్తున్నాను. మొహమాటపడకుండా నవ్వండి. నేను మాత్రం మధ్యలో ఒకటి రెండు చోట్ల నవ్వలేను, ఏమీ అనుకోకండి.

అప్పటికి నా వయసు ఇరవై తొమ్మిదేళ్ళు, నా మెషీన్ వయసు ఎనిమిది నెలలు. ఇద్దరిలో దానికే కాస్త బుద్ధి ఎక్కువ. విజయనగరం వెళ్ళే రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసి దాన్ని దించాను. చూడ్డానికి డబుల్ కాట్ మంచంలా ఉంటుంది. పైన అటూ ఇటూ నడిచే ఒక మోటారు, దాని మూతికి పెన్సిలంత బిట్టు. కంప్యూటర్‌లో బొమ్మ పెడితే చెక్క మీద ఆ బొమ్మే చెక్కేస్తుంది. నెమలి అంటే నెమలి, కలశం అంటే కలశం. అది వచ్చిన వారం నుంచీ నా నడకే మారిపోయిందని మా ఆవిడ గౌరి అనేది. "సేతులు ఎనక్కి కట్టుకోని నడుస్తన్నావు. నువ్వేటి, కలెక్టరువా?" అని.

ఎన్ని తెలివితేటలున్నా మెషీన్‌కి ఒక్క సంగతి మనమే చెప్పాలి, చెక్క పైభాగం ఎక్కడుందో. దానికి కళ్ళు లేవు కదా. అందుకని చెక్క మీద ఒక లోహపు బిళ్ళ పెడతాం. బిట్టు మెల్లగా దిగి ఆ బిళ్ళని ముట్టుకుంటుంది. బిళ్ళ మందం ఎంతో దానికి ముందే తెలుసు. ఆ మందం తీసేసి, 'ఓహో, చెక్క ఇక్కడ మొదలవుతోంది' అనుకుంటుంది. అక్కణ్ణుంచి కిందికి లోతు లెక్క పెట్టుకుంటుంది. ఈ నాలుగు ముక్కలూ గుర్తుంచుకోండి. నేను మరిచిపోయాను.

షెడ్డులో నాకు తోడు సత్యం మావ, మా అమ్మ తమ్ముడు. నలభై ఏళ్ళు ఉలి పట్టిన చెయ్యి. చెక్కకి చిత్రిక పట్టడం, ముక్కలు బిగించడం, చివర్లో నునుపు చెయ్యడం ఆయన పని. మెషీన్ అంటే ఆయనకి కొత్త కోడలి మీద అత్తకుండే అభిప్రాయమే ఉండేది.

"మావా, నువ్వు నెల్లాళ్ళు సెక్కినది ఇది నాలుగ్గంటల్లో సెక్కేస్తాది" అనేవాణ్ణి.

"సెక్కుతాది. తప్పు కూడా నాలుగ్గంటల్లోనే సేస్తాది. నాకు తప్పు సెయ్యాలన్నా నెల్లాళ్ళు పడతాది" అనేవాడు.

అలాంటి రోజుల్లో అప్పయ్యమ్మత్త వచ్చింది. చుట్టమేమీ కాదు, ఆ వయసు ఆడవాళ్ళని మా వైపు అత్తా అనేస్తాం. వాళ్ళ ఊరు ఎయిర్‌పోర్టు స్థలంలో కలిసిపోయింది. ఊళ్ళో వాళ్ళందరూ కాలనీకి మారి ఇళ్ళు కట్టుకుంటున్నారు. పాత ఇంటి పెరట్లో వాళ్ళాయన తన చేత్తో నాటిన పనసచెట్టు ఉండేది. ఆయన పోయి అప్పటికి ఆరేళ్ళు. ఆ చెట్టుని వెంట తీసుకుపోయే వీల్లేదు, వదిలేసి పోవడానికి మనసొప్పలేదు. ఆఖరికి కొట్టించి, కోయించి, పలకలు ఆటోలో వేసుకుని నా షెడ్డుకి వచ్చింది.

"ఇది మా కొత్తింటి సింహద్దారానికి బాబూ. దీని మీద ఆ సెట్టు బొమ్మే సెక్కాల" అని ఒక ఫోటో ఇచ్చింది. మొదలు నిండా కాయలతో పనసచెట్టు. కాయలకి కాస్త పైన ఒక తొర్ర.

"ఈ తొర్ర కూడా సెక్కాలా అత్తా?"

"తొర్ర నేకపోతే అది మా సెట్టెలాగవుద్ది? దాంట్లో గోరింకలు కాపరముండీవి. ఆయన పొద్దున్నే నేచి ముందు గోరింకల్ని పలకరించీవోడు. తరవాతే నన్ను" అంది. ఆ ఈర్ష్య ఇంకా తగ్గినట్టు లేదు.

సత్యం మావ పలకలన్నీ తిరగేసి చూశాడు. మొదలు లోపల బోలుగా ఉండటంవల్ల వెడల్పైన పలక ఒక్కటే వచ్చింది. "అల్లుడూ, సుట్టూ ఫ్రేముకి కర్రలున్నాయి గాని, బొమ్మకి పలక ఒక్కటే. ఇది పోతే మరి నేదు. సెట్టూ నేదు" అన్నాడు. చిత్రిక పట్టాక ఇరవై మిల్లీమీటర్ల మందం తేలింది.

"ఒక్కటి సాలు మావా, రెండోది నాకెందుకు?" అన్నాను. అన్నప్పుడు చేతులు వెనక్కే కట్టుకుని ఉన్నాను.

సింహద్వారం చెక్క మీద పని మొదలుపెట్టే ముందు పసుపు రాసి, బొట్లు పెట్టి, అక్షింతలు వేసి దణ్ణం పెట్టుకోవడం మా వైపు ఆనవాయితీ. పని పూర్తయ్యేదాకా ఆ బొట్లు చెరపరు. మంచి రోజు చూసుకుని అప్పయ్యమ్మత్త పూజ సామానుతో వచ్చింది. పసుపు, బొట్లు గౌరి చేత పెట్టించింది. తను మాత్రం అక్షింతల గిన్నె పట్టుకుని గోడ పక్కకి జరిగి నిలబడింది.

"నువ్వు కూడా ఎయ్యత్తా" అన్నాను.

"నానెయ్యకూడదు బాబూ. బొట్టు నేని మనిసిని."

అంతే, నాలో పడుకున్న సంఘసంస్కర్త దిగ్గున లేచాడు. "ఏటత్తా, ఈ రోజుల్లో కూడా! సెట్టు నీది, తలుపు నీది, ఇల్లు నీది. నువ్వెయ్యకపోతే ఇంకెవులేస్తారు? ఏటీ అవ్వదు, నాది పూసీ!" అని ఊదరగొట్టాను. ఆవిడ నా వంక చూసింది, గౌరి వంక చూసింది, సత్యం మావ వంక చూసింది. మావ తలూపాడు. అప్పుడు గిన్నెలో చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, గుప్పెడు అక్షింతలు పలక మీద వేసింది. వేశాక చెయ్యి కొంగుకి తుడుచుకుని, తప్పు చేసి దొరకని చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు చూసి నన్ను నేనే మెచ్చుకున్నాను.

"సంతకెళ్ళి మజ్జానానికి వస్తాను బాబూ, అప్పటికి కొంచెం సెట్టు కనపడతాదా?"

"కొంచెం కాదత్తా, కాయలు కోసుకోడానికి కత్తి తెచ్చుకో" అన్నాను.

ఆవిడ వెళ్ళాక పలక మీద గింజలు ఉఫ్ అని ఊదేశాను. బొట్ల జోలికి మాత్రం పోలేదు, చెరపకూడదు కదా. ఎడమ మూల బొట్టు మీదే బిళ్ళ పెట్టాను, ఎప్పుడూ పెట్టేది ఆ మూలే కాబట్టి. ఆ తడి పసుపు ముద్దలో రెండు బియ్యపు గింజలు అంటుకుని ఉండిపోయాయి. ఆ సంగతి మీకు ఇప్పుడే తెలిసిపోయింది. నాకు తెలియడానికి ఇంకా మూడు గంటలు పట్టింది.

ముందు పలక చుట్టూ అంచుకి ఒక గాడి తియ్యాలి. నాలుగు మిల్లీమీటర్ల లోతు అని మెషీన్‌కి చెప్పాను. తీరా కొలిచి చూస్తే రెండే దిగింది.

బిట్టు జారిందేమోనని బిగించాను. మళ్ళీ బిళ్ళ పెట్టాను, మళ్ళీ నడిపాను. రెండే. బిట్టు మొండిదైందేమోనని కొత్తది పెట్టాను. రెండే. బల్ల ఒక పక్కకి వాలిందేమోనని మట్టం పెట్టి చూశాను. బల్ల నాకంటే నిటారుగా ఉంది. వోల్టేజీ చాలడం లేదేమోనని పక్క షెడ్డుకి వెళ్ళి వెల్డింగు ఆపించాను. ఆ వెల్డింగతను మా వంశాన్నంతా ఒకసారి తలుచుకున్నాడు గానీ లోతు పెరగలేదు. ఆఖరికి పనస చేవ మరీ గట్టిదేమోనని దాన్నే అనుమానించాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చెక్కలేక చెట్టు ఓడు.

సత్యం మావ ఇదంతా చూస్తూ బీడీ చెవి మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"అల్లుడూ, ఆ బిళ్ళేటి అలగ ఊగుతన్నాది?"

"ఊగదు మావా. అది సెన్సారు."

"సెన్సారైతే ఊగదేటి?"

"నీకు తెల్దు. నువ్వూరుకో."

ఊరుకున్నాడు. ఆయన ఊరుకోవడం నేను గెలవడమే అనుకున్నాను.

మెషీన్ అమ్మినవాళ్ళకి ఫోన్ చేశాను. అవతలాయనకి చాలా ఓపిక. అన్నీ విని, "సార్, బిళ్ళ కింద శుభ్రంగా ఉందా?" అని అడిగాడు.

"శుభ్రమా? పొద్దున్నే పూజ చేశామండీ!"

"పూజ కాదు సార్, చెక్క పైభాగం..."

"పసుపు రాసి బొట్టు పెట్టామండీ! అంతకన్నా శుభ్రం ఏముంటుంది?" అని విసుక్కుని పెట్టేశాను. రోగం పేరు, మందు పేరు, మందు ఎక్కడ దొరుకుతుందో కూడా ఆయన చెప్పేశాడు. నేను వినలేదు.

ఇక నా బుర్రనే నమ్ముకున్నాను. నాలుగు చెబితే రెండు దిగింది. అంటే సగం. అంటే మెషీన్ అడుగు వెయ్యమంటే అరడుగు వేస్తోంది. మరి రెట్టింపు చేసేస్తే సరిపోదూ! కంప్యూటర్‌లో ఆ లెక్క ఉండే చోట ఎర్ర అక్షరాలతో 'మార్చవద్దు' అని రాసి ఉంటుంది. అది నాలాంటి తెలివైనవాళ్ళ కోసం రాసింది కాదనుకున్నాను. మార్చాను.

నిజానికి తగ్గుతున్నది సగం కాదు. బిళ్ళని గింజలు రెండు మిల్లీమీటర్లు పైకెత్తాయి, అంతే. నాలుగు చెప్పినా రెండు తగ్గుతుంది, పన్నెండు చెప్పినా ఆ రెండే తగ్గుతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకంటారు. నేను గొడ్డలితో ఆగలేదు, ఏకంగా పొక్లెయిన్ తోలుకొచ్చాను.

"ముందు ఏదైనా పాత ముక్క మీద ఓపాలి సూడరాదా?" అన్నాడు మావ.

"ఎందుకు మావా టైం వేస్టు? లెక్క కరెక్టు."

బొమ్మ మొత్తంలో లోతైన చోటు తొర్ర. మెషీన్ ముందు దాన్నే తవ్వుతుంది. దాని లోతు పన్నెండు. రెట్టింపు చేస్తే ఇరవై నాలుగు. గింజల పుణ్యమా అని రెండు తగ్గితే ఇరవై రెండు. పలక మందం ఇరవై. మీకు లెక్కలు వచ్చు కదా.

మోటారు హుషారుగా దిగింది. పసుపుపచ్చటి పొట్టు లేస్తోంది. నేను చేతులు వెనక్కి కట్టుకుని చూస్తున్నాను. ఉన్నట్టుండి మోటారు గొంతు మారింది. పచ్చటి పొట్టు ఆగిపోయి, గోధుమరంగు పొట్టు మొదలైంది. 'పనసలో రెండు రంగులుంటాయా?' అని నేను ఆశ్చర్యపోతూ ఉండగానే సత్యం మావ ఒక్క గెంతు గెంతాడు.

"ఒరే ఆపరా! ఆపు! బల్ల తినేస్తన్నాదిరా అది!"

ఎర్ర బటన్ నా ఎదురుగానే ఉంది. వెనక్కి కట్టుకున్న చేతులు విప్పుకుని ముందుకు తెచ్చేసరికి జరగాల్సింది జరిగిపోయింది. పలకని ఎత్తి నిలబెట్టాం. తొర్రలోంచి రోడ్డు మీద పోతున్న బస్సు కనిపించింది. బస్సు పేరు కూడా చదవచ్చు.

మావ నేరుగా వెళ్ళి ఆ మూల బొట్టుని బొటనవేలితో తడిమాడు. గోటితో గీకాడు. పసుపు పట్టిన రెండు గింజలు నా అరచేతిలో పెట్టాడు.

"ఇవేటి మావా?"

"అచ్చింతలు. అన్నం ఉడికినాదో నేదో సూడ్డానికి ఒక్క మెతుకు సాలంటారు. నీకు రెండు పట్టినాయి."

సరిగ్గా అప్పుడు షెడ్డు ముందు ఆటో ఆగింది. అప్పయ్యమ్మత్త చేతిలో సంత బుట్ట, మొహం నిండా ఆత్రం. "సెట్టు వచ్చీసినాదా బాబూ?" అంటూ లోపలికి వచ్చింది. పలక చూసింది. దగ్గరికొచ్చి కన్నం అంచు చుట్టూ వేలు తిప్పింది.

"ఇదేటి బాబూ, అవతల కనపడతన్నాది?"

తప్పు నాది అత్తా. ఈ మూడు మాటలు చాలు. నాలుగో తరగతి పిల్లాడు కూడా చెప్పగలడు. నేను నోరు తెరిచాను. బయటికి వచ్చింది ఇది:

"నువ్వేసిన అచ్చింతలు బిళ్ళ కింద ఉండిపోనాయత్తా. వాటివల్లే లెక్క తప్పిపోనాది."

ఆవిడ కుడిచెయ్యి తిప్పి అరచెయ్యి చూసుకుంది.

"నానెయ్యకూడదనే అన్నాను కదా బాబూ" అంది.

తరువాత వంగి, బల్ల మీద పోగుపడిన పచ్చటి పొట్టు ఒక పిడికెడు తీసి కొంగున ముడేసుకుని ఆటో ఎక్కేసింది. నేను నవ్వలేని చోట్లున్నాయని ముందే చెప్పాను. అందులో ఇది మొదటిది. పలక పాడు చేసినందుకు కాదు నా బాధ. 'ఏటీ అవ్వదు, నాది పూసీ' అని ఆ గిన్నెలో ఆవిడ చెయ్యి పెట్టించినవాణ్ణి నేను. అవసరం వచ్చేసరికి ఆ చెయ్యినే చూపించినవాణ్ణీ నేనే.

"నువ్వు మనిసివేనా?" అన్నాడు సత్యం మావ. "గింజలు ఎవులేసినా తుడుసుకోవాల్సినది ఎవులు? ఊగుతన్నాదంటే సెన్సారన్నావు. ముక్క మీద సూడమంటే టైం వేస్టన్నావు. పలకకి పడిన కన్నం నాను సూసుకుంటాను. ఆ మనిసికి ఏసినావే, దానికేటి సేస్తావు?"

బండి తీసి ఆటో వెనకాల పడ్డాను. రెండు కిలోమీటర్ల అవతల అందుకున్నాను. "అత్తా, అచ్చింతలది కాదు, తప్పు నాదే. లెక్క నేనే తప్పుగా మార్చినాను" అని రోడ్డు మీదే మొత్తుకున్నాను.

ఆవిడ జాలిగా చూసింది. "పోన్లే నాయినా. ముసిల్ది బాదపడతాదని అలగంటన్నావు. నాకు తెలీదేటి?" అంది. ఆటో వెళ్ళిపోయింది.

పలక మీద బొట్టు తుడిచి, లెక్క పాత లెక్కకి మార్చి, బిళ్ళ మళ్ళీ పెట్టాను. గాడి నాలుగంటే నాలుగే దిగింది. మిగతా చెట్టంతా, కాయలూ ఆకులూ, ఏ పొరపాటూ లేకుండా చెక్కింది మెషీన్. మావ కన్నం అంచుల్ని ఉలితో గుండ్రంగా సవరించి, వెనక నుంచి అతుకు వేసి మూసేస్తానన్నాడు. అప్పయ్యమ్మత్తకి ఫోన్ చేస్తే, "అతుకేసిన తలుపు గుమ్మానికి ఎత్తకూడదు బాబూ. కన్నమే ఉండనీండి" అంది. లోపలి వైపు తిప్పుకునే చిన్న చెక్క రెక్క బిగించాడు మావ. నిజం చెప్పొద్దూ, తలుపు చాలా అందంగా వచ్చింది. ఆ అందం చూడలేక దాని మీద గోనెపట్టా కప్పి ఉంచాను.

గృహప్రవేశానికి మమ్మల్ని ముగ్గుర్నీ పిలిచింది. వెళ్ళకపోతే బాగుండదని వెళ్ళాం. గుమ్మం దాటే ప్రతివాళ్ళూ తలుపు ముందు ఆగి, తొర్రలో వేలు పెట్టి, "ఇదేటొదినా, సింహద్దారానికి కన్నమేటి?" అనడం, ఆవిడ ప్రతివాళ్ళకీ ఒకే సమాధానం చెప్పడం.

"తప్పు నాదేనమ్మా. నానెయ్యకూడని అచ్చింతలేసినాను. బాబు మెషీను బంగారం."

మొదటిసారి విన్నప్పుడు తల దించుకున్నాను. రెండోసారి కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. మూడోసారికి చేతిలో పులిహోర ముద్ద మళ్ళీ విస్తట్లో పెట్టేశాను. గౌరి మోచేత్తో పొడిచింది. "నెగు" అంది. లేచాను. విస్తరి ముందు, ఎంగిలి చేత్తో.

"అందరూ వినండి! అత్త తప్పేటీ నేదు. గింజలు తుడవాల్సినది నేను. నాలుక్కి రెండు దిగితే సగమనుకున్నాను. కాదు, రెండు తగ్గినాది! దాన్ని రెట్టింపు సేసీసినాను. పన్నెండు ఇరవై నాలుగైపోనాది! పాత ముక్క మీద సూడమని మా మావ సెప్పినాడు, ఇన్నేదు. అత్త సెయ్యి మంచిదే. నా బుర్రే మంచిది కాదు!"

పందిట్లో పన్నెండు ఇరవై నాలుగు ఎందుకైందో ఒక్కరికీ అర్థమైనట్టు లేదు. అప్పయ్యమ్మత్త కొంగుతో కళ్ళు ఒత్తుకుని అందరివైపూ తిరిగింది.

"సూసినారా? ముసిల్దాని మీద మాట పడకూడదని నిందంతా నెత్తినేసుకుంటన్నాడు. ఈ కాలంలో ఇలాటి గుంటడు ఎక్కడున్నాడు సెప్పండి!"

"నిజిమే, నిజిమే!" అన్నారు అందరూ. ఎవరో నా విస్తట్లో మరో రెండు బూరెలు వేశారు. ఎచ్చెర్ల నుంచి వచ్చిన ఆవిడ బంధువు ఒకాయన అక్కడికక్కడే నా ఫోన్ నంబరు రాసుకున్నాడు. "పని ఎవులైనా సేస్తారు. ఇంత మంచోడు దొరకొద్దూ? మా తలుపు నీ సేతే సెయించుకుంటాం బావూ" అన్నాడు. సత్యం మావ తల వంచుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వుతున్నాడు. నవ్వో ఏడుపో అడగలేదు. బూరెలు తిన్నాను. చేదుగా ఉన్నాయని రాస్తే బాగుంటుంది గానీ, బాగానే ఉన్నాయి. అదింకా సిగ్గుచేటు.

ఆ తరువాత వాళ్ళ వీధిలోనే ఒక పెళ్ళికి వెళ్ళాను. అక్షింతల పళ్ళెం అందరి ముందుకీ వస్తోంది. అప్పయ్యమ్మత్త దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి కొంగు కిందికి లాగేసుకుంది. నేను నవ్వలేని రెండో చోటు అది.

కాబట్టి ఈ పుస్తకం పట్టుకున్న మీ అందరి సాక్షిగా, నా షెడ్డులోని మెషీన్ మీద ఒట్టేసి, సత్యం మావ ఉలి నెత్తిన పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట బొట్టు కింద ఏముందో వేలితో తడమకుండా బిళ్ళ పెట్టను. ఎర్ర అక్షరాల జోలికి పోను. చేతులు వెనక్కి కట్టుకోను. నా షెడ్డులో ఎక్కడ ఏ కన్నం పడినా, మోటారు చప్పుడు ఆగకముందే, తప్పు నాదేనని అరిచేస్తాను. ఎందుకంటే ఆ మాట ఒక్క నిమిషం ఆలస్యంగా చెబితే, తరువాత ఎంత అరిచినా ఎవరూ నమ్మరు.